అభిరుచికీ ఈఎంఐ

"అప్పులన్నీ తీర్చేసి, ఉద్యోగం మానేసి, నచ్చిన పని చేసుకుంటా" అనని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మాదాపూర్‌లో దొరకడం కష్టం. ముహూర్తమే కుదరడం లేదు, పాపం.

ఎలా కుదురుతుంది? 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో 50 లక్షల గృహరుణం తీసుకుంటే నెలకు సుమారు 43,400 కట్టాలి. మొదటి నెల అందులో 35,400 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది ఎనిమిది వేలు. చివరిదాకా ఇలాగే కడితే వడ్డీయే 54 లక్షలు. తనకో ఇల్లు, బ్యాంకుకో ఇల్లు! మారే వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. తీర్చేలోపు బోనస్ వస్తుంది, బోనస్ వెనకే కొత్త కారూ వస్తుంది.

పొదుపు మాత్రం మొదలైంది. బంకు దగ్గర చాయ్ మానేశారు. ఇంట్లోనే కాచుకోవడానికి 40 వేల కాఫీ యంత్రం, క్రెడిట్ కార్డు మీద. 'తక్కువతో బతకడం ఎలా' అనే ఆన్‌లైన్ కోర్సు ఫీజు 12 వాయిదాల్లో. కార్డు బిల్లులో కనీస మొత్తం కట్టి మిగతాది నెట్టేస్తే చాలా కార్డులు నెలకు మూడు, మూడున్నర శాతం బాదుతాయి. ఊళ్లో వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయలంటే మాత్రం "రక్తం తాగుతున్నాడు" అంటాం.

"ఇంతకీ నీకు నచ్చిన పనేమిట్రా?" అని అడిగాడు తండ్రి.

"వ్యవసాయం నాన్నా."

"అది వద్దనేగా, ఉన్న పొలం అమ్మి నిన్ను ఇంజినీరింగ్ చదివించింది!"