అప్పు అప్పులా కనబడకుండా ఎలా చేయాలి?

కొత్తగా ఆర్థిక శాఖ చేపట్టిన మంత్రిగారికి, ముత్తుకూరు పక్క రొయ్యల గుంట గట్టు మీద నుంచి నమస్కారం. మీకు కావాల్సిన విద్య మా దగ్గర బోలెడుంది. మేత, మందులు అరువు తెచ్చుకుని పట్టుబడి అయ్యాక తీరుస్తాం. రొయ్యకు తెల్లమచ్చ రోగం తగిలిందా, పాత బాకీ కొత్త పంట మీదికి జరిపి ఆ కొట్టాయనకే మళ్లీ దండం పెడతాం. మీరు వెళ్లే కొట్టు కాస్త పెద్దది, అంతే.

కుర్చీ ఎక్కగానే శ్వేతపత్రం వదలండి. 2024 జులైలో చంద్రబాబు రాష్ట్రం నెత్తిన 9.74 లక్షల కోట్ల భారముందని అసెంబ్లీలో చెప్పారు. అంకె ఎంత పెద్దదైతే అంత మేలు. రేపు మీరు తెచ్చేదంతా దాని పక్కన చిల్లరే.

ఇక అసలు కిటుకు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం దాన్ని అడక్కుండా అప్పు చేయరాదని రాజ్యాంగం 293(3) అధికరణం చెబుతోంది. కేంద్రమేమో రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం దగ్గర గీత గీస్తుంది. కాబట్టి మీరు చేయకండి, ఒక కార్పొరేషన్ పెట్టి దాని చేత చేయించండి. 2018లో రాజధాని కట్టే సీఆర్‌డీఏ 10.32 శాతం వడ్డీకి అమరావతి బాండ్లు అమ్మి 2,000 కోట్లు తెచ్చింది. 2020లో పుట్టిన రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ మద్యం మీద రాబోయే పన్నును చూపించి బ్యాంకుల దగ్గర తెచ్చింది. ఒకటి ఒక పార్టీ ఏలుబడిలో, ఇంకొకటి మరో పార్టీ ఏలుబడిలో. రెండు పార్టీలకూ పాఠం కంఠతా వచ్చు. ఖజానా తీర్చే ఇలాంటి అప్పులన్నీ రాష్ట్రం ఖాతాలోకే వస్తాయని 2022లో కేంద్రం తేల్చిందనుకోండి. ఇంకో బోర్డు రాయించడానికి ఎంతసేపు?

రేవుకు తెచ్చిన అప్పు వేరు, జీతాలకు తెచ్చిన అప్పు వేరు అని ఎవరైనా అంటే కసురుకోండి. ఓడలొస్తే రేవు తన వడ్డీ తానే కట్టుకోవచ్చు, నిరుడు పంచిన జీతం పైసా కట్టదు. ఈ తేడా జనానికి తెలియడం మీకు మంచిది కాదు. మా రామాయపట్నం రేవుకు 2019లో ఒక ముఖ్యమంత్రి, 2022లో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రాయి వేయడానికి ఏ బ్యాంకూ అక్కర్లేదు.

వచ్చిన ఆదాయంలో వడ్డీకే ఎంత పోతోందని అడిగేవాణ్ణి గడప తొక్కనీయకండి. వాడే జాంబియా సంగతి ఎత్తుతాడు. రాగి గనులున్న ఆ దేశం 2020 నవంబరులో 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. 2022లో మన సముద్రం అవతలి శ్రీలంక, ఆ ఏడాది చివర ఘనా. వాళ్లవి డాలర్ అప్పులు, మనవి రూపాయి అప్పులు, పైన కేంద్రముందని కొట్టిపారేయండి. నిజమే, రాష్ట్రం దివాలా తీయదు. కాంట్రాక్టరు బిల్లు ఆగుతుంది, ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ డబ్బు ఆగుతుంది, ఉద్యోగి డీఏ ఆగుతుంది. వీటిని దివాలా అని ఏ రేటింగ్ సంస్థా రాయదు.

ఒక్క చిక్కుంది. మంగళవారం అప్పు చేయకూడదని మా వైపు పెద్దవాళ్లంటారు. రిజర్వు బ్యాంకులో రాష్ట్రాల బాండ్ల వేలం మామూలుగా జరిగేది మంగళవారమే.