కర్మ కళ్లద్దాలు

1993లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో స్టీవెన్ ఫైనర్ బృందం మరమ్మతు పనివాళ్ల కోసం నెత్తికి తగిలించుకునే తెర ఒకటి చేసింది. అది పెట్టుకుని లేజర్ ప్రింటర్ వైపు చూస్తే ఏ మూత ఎత్తాలో, ఏ ట్రే లాగాలో ప్రింటర్ మీదే గీతలు గీసి చూపిస్తుంది. దాని పొడుగాటి ఇంగ్లిష్ పేరులోని పొడి అక్షరాలు కలిపితే ‘కర్మ’ అయింది. ముప్ఫయ్యేళ్లు దాటింది. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ఇప్పటికీ మనం తలబాదుకుని అనేది ఆ మాటే.

ఆ మధ్య ఓ ఫ్యాక్టరీకి వెళ్లాను. పేరెందుకు లెండి. ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ తెచ్చామండీ’ అని మేనేజరుగారు గేటు దగ్గరే అందుకున్నారు. అంటే ఆ ‘కర్మ’ విద్యే. యాభై దాటిన ఫిట్టర్ని కూలింగ్ వాటర్ పంపు ముందు నిలబెట్టి, హెల్మెట్‌కి కళ్లద్దాలు బిగించారు. పంపు మీద పచ్చబాణం వెలిసింది: ‘ఈ బోల్టును విప్పుము’. ఇరవయ్యేళ్లుగా ఆ బోల్టు విప్పుతున్నది ఆయనే. దాని ఆరు పలకలూ అరిగి గుండ్రమైపోయాయని బాణానికి తెలీదు, ఆయనకి తెలుసు. ‘నెక్స్ట్’ అన్నాడు. కంప్రెసర్ మోతలో అద్దాలకి వినబడలేదు. ‘నెక్స్ట్!’ అని అరిచాడు. పక్క షెడ్డులోంచి హెల్పర్ ‘ఆఁ, వస్తన్నా!’ అన్నాడు. ఈలోగా చెమటకి అద్దం మసకేసింది. జేబులోని కాటన్ వేస్టుతో తుడిచాడు. దానికి గ్రీజుంది. రియాలిటీ కాస్తా నల్లబడింది.

అద్దాలు తీసి పక్కన పెట్టాడు. స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని క్షణం విన్నాడు.

‘బేరింగ్ పోయింది సార్. మూణ్ణెల్ల నుంచీ చెప్తానే ఉన్నా.’

6308 బేరింగ్. స్టోర్స్‌లో నిల్. మూడు కొటేషన్లు లేవని ఇండెంట్ ఆగిపోయింది. కళ్లద్దాలు మాత్రం ఒకే కొటేషన్‌తో వచ్చేశాయి. అద్దాల్లో అన్నీ ఉన్నాయి, స్టోర్స్‌లో శని ఉంది!

ఈ విద్య పనికిమాలినదని నేననను. 1990ల మొదట్లో బోయింగ్ ఇంజనీర్లు దీన్ని తలపెట్టింది విమానాల వైర్లు కట్టలు కట్టేవాళ్ల కోసం. అక్కడ ఏ తీగ ఎటు పోవాలో నిజంగానే తికమక. మన ఫిట్టరుకి బోల్టెక్కడుందో తికమక లేదు. లేనిది బేరింగు, పంపు ఆపడానికి అనుమతి, చెబితే వినే నాథుడు. వీటిని చూపించే బాణం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అసలు ఈ అద్దాల ఆయుష్షు చూడండి. గూగుల్ గ్లాస్ అమ్మకం 2023లో ఆగింది. 3,500 డాలర్లకి 2019లో దిగిన హోలోలెన్స్ 2 తయారీ 2024లో ఆగింది. ఆ పంపు మీది రేకు ముక్క చూశాను, 1987 అని ఉంది.

మొన్న ఫోన్ చేసి కనుక్కున్నాను. కళ్లద్దాలు బీరువాలో ఉన్నాయట, తాళం మేనేజరుగారి దగ్గర. బేరింగ్ ఇంకా రాలేదు.