ముందు గేదె, తర్వాత గింజ

కాఫీ బాగా కుదరాలంటే మంచి గింజ కొనమని అందరూ చెబుతారు. వీరులపాడులోనో, నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్ట ఊళ్లలోనో ఉండి పాడి ఉన్నవాళ్లు ఆ మాట పక్కన పెట్టండి. మన కాఫీ గొడ్లచావిట్లో మొదలవుతుంది.

గేదె పాలలో వెన్న 7 శాతం దాకా ఉంటుంది, ఆవు పాలలో 4 దగ్గర. అందులోనూ పితికేటప్పుడు మొదటి ధారలు పలచన, చివరి ధారలు చిక్కన. దూడ వాటా ముట్టుకోకుండా, ఆ చివరి పాలు ఒక గ్లాసు కాఫీకి విడిగా తీసి పెట్టండి. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బు కడతారు కాబట్టి ఆ పూట నాలుగు రూపాయలు తగ్గొచ్చు. తగ్గనివ్వండి. చిక్కటి పాలన్నీ కేంద్రానికి పోసి, మిగిలినవాటిలో నీళ్లు కలుపుకుని తాగే ఇళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మేపినవాళ్లకే దక్కని రుచి ఇంకెవరికి దక్కాలి? పాలు ఒక్క పొంగు రాగానే దించేయండి. మళ్లీ మళ్లీ కాస్తే కాఫీకి కాగుడు వాసన పడుతుంది.

ఇక పొడి. విశాఖ మన్యంలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గొప్ప గింజే. దాన్ని లేతగా వేయించి, పాలూ చికోరీ లేకుండా తాగమంటారు తెలిసినవాళ్లు. మన పాలలో ఆ లేత రుచి నాలుకకు ఆనదు. ముదురుగా వేయించమని, 70 పాళ్ల కాఫీకి 30 పాళ్లు చికోరీ కలపమని అడగండి. చికోరీ అంటే కల్తీ అనేవాళ్ల మాట వినకండి. ప్యాకెట్ మీద దాని శాతం రాయాలని, కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధనే ఉంది. చెప్పి కలిపింది కల్తీ ఎలా అవుతుంది? అది వేయించిన వేరు, కెఫీన్ ఉండదు. రంగూ చిక్కదనమూ ఇస్తుంది, డికాషన్‌ను మెల్లగా దింపుతుంది.

మెల్లగా దిగడమే కావాలి. అందుకే రాత్రే వేసి పడుకోండి. నలుగురికి 40 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు. మీ బోరు నీళ్లకు గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంటే క్యాను నీళ్లు వాడండి. పొద్దున వేస్తే తొందర. తొందరలో ఫిల్టరును తడతారు, పొడిని అదిమేస్తారు, నలక కిందికి దిగుతుంది. రాత్రి డికాషన్‌కు వాసన కొంత తగ్గే మాట నిజమే. చిక్కదనం కోసం నేను దాన్ని వదులుకుంటాను. డికాషన్‌ను మాత్రం పొయ్యి మీద పెట్టకండి, వేడి పాలే చాలు.

చుట్టాలొచ్చారని అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోయకండి. మొదటి డికాషన్ అయిపోతే, వాళ్లు నొచ్చుకున్నా సరే, మజ్జిగ ఇవ్వండి.