ఉప్పెనకొక పిన్ను

పటముమీఁద పిన్నులు గ్రుచ్చించి ఊరి చరిత్రమును నేర్పుదుమను మా ఊరి బడుల ప్రకటనను మీరును చదివియే యుందురు గావున, దానిని మరల వివరించి మీ ఓరిమిని పరీక్షింపను. ఒక బడి మొదలుపెట్టినదని రెండవది, రెండవది మొదలుపెట్టినదని మూఁడవది తగుదునమ్మా యని ముందునకు దుమికి, ఆఱవ తరగతి పసివాండ్ర చేత సైతము తమ ఊరి చరిత్రమును "అన్వేషింప" జేయుచున్న ఈ పుణ్యకాలమున, డెబ్బది యేండ్లుగా బందరు నేలను త్రొక్కుచున్న నావంటి వాఁడు పులకించిపోక తప్పదు. కాళ్ళు కదలనక్కఱలేదఁట, కన్ను తెరమీఁదను, వ్రేలు పటముమీఁదను ఉన్నఁ జాలునఁట, చారిత్రక స్థలమొకటికి పిన్నొకటి, పిన్నుకు రెండు మార్కులు, పది పిన్నులు గ్రుచ్చినవానికి ఇరువది మార్కులును, మెడలో వ్రేలాడఁదీసికొనుటకు "వారసత్వ రాయబారి" యను ప్లాస్టిక్ బిళ్ళయు నఁట. నాలుగువందల యేండ్ల రేవుపట్టణము నలువది నిమిషముల పీరియడులో ముగిసిపోవునని ముందే తెలిసియున్నచో, నేను ఇన్నాళ్ళు చెప్పులరిగించుకొని యుండను.

మొన్న ఆదివారము ఉదయమున మా తమ్ముని మనుమఁడు ట్యాబు చేతఁబట్టుకొని నా అరుగుమీఁదికి వేంచేసెను.

"తాతయ్యా, మన ఊళ్ళో హిస్టారికల్ ప్లేసులు పది చెప్పవా? తొందరగా చెప్పు, ఛార్జింగ్ అయిపోతోంది."

"కూర్చోరా. పదేం ఖర్మ, పాతిక చెబుతాను."

"పాతికొద్దు తాతయ్యా. పదే. పదకొండోదానికి మార్కులుండవు."

చరిత్రకు ఇంత చక్కని పొలిమేర గీసిన మహానుభావుఁ డెవ్వఁడో కాని, వానికొక నమస్కారము. నేను వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టితిని. కోట, వలందుల (హాలండువారి) సమాధులు, 1843లో వెలసిన నోబుల్ కళాశాల, 1902లో కృష్ణాపత్రిక పుట్టిన తావు, 1910 నాఁటి ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన చోటు, చిలకలపూడి పాండురంగని కోవెల. ఇట్లు తొమ్మిదింటి వఱకును సాఫీగనే సాగినది. పదవదిగా 1864 నాఁటి ఉప్పెనను చెప్పితిని. నా ప్రారబ్ధము అచ్చటనే మొదలయ్యెను.

ఆ యేఁట నవంబరు 1వ తేదీ రాత్రి, తుపాను వెంట సముద్రము లేచి, పల్లమైన ఈ తీరమును దాఁటి ఊరిలోనికి వచ్చినది. చీఁకటి, గాలి, ఎటు చూచినను ఉప్పునీరు. ఇంచుమించు ముప్పదివేలమంది మరణించిరని లెక్క. అంతకు ముందే సన్నగిల్లుచున్న బందరు ప్రాభవమునకు అది మరల లేవనీయని దెబ్బ. మా నాయనమ్మకు ఆమె అత్తగారు చెప్పిన కథ యది; ఆ అత్తగారు ఆ రాత్రి అటకమీఁద తల్లి కొంగు పట్టుకొని కూర్చున్న తొమ్మిదేండ్ల పిల్ల. ఇదంతయు వాఁడు శ్రద్ధగనే వినెను. విని, తెరవంక చూచి, ఒక్క ప్రశ్న వేసెను.

"సరే తాతయ్యా. దాని లొకేషనెక్కడ?"

మీకు నవ్వు వచ్చునేమో, నాకు రాలేదు. వాని ప్రశ్నలో తప్పు లేదు, తప్పు పిన్నులో నున్నది. బిందువునకు పొడవును లేదు, వెడల్పును లేదని క్షేత్రగణితమున మనము చదువుకొంటిమి గదా. ఊరినంతటిని మ్రింగిన నీటిని ఇప్పుడు ఆ బిందువులో ఇమిడ్పవలెను. కోటయొద్ద గ్రుచ్చుదమన్న, ఊరి నడుమ మునిఁగినవారు నొచ్చుకొందురు. ఊరి నడుమ గ్రుచ్చుదమన్న, సముద్రమే నొచ్చుకొనును. ఎచ్చటను గ్రుచ్చనిచో క్రింది మీట వెలుఁగదు. "ఎక్కడో ఒకచోట పెట్టాలి తాతయ్యా, లేకపోతే సేవ్ కాదు" అని వాఁడు ఏడ్పుముఖము పెట్టి, తుదకు బస్టాండుమీఁద గ్రుచ్చెను. అదేమిరా యనఁగా, అక్కడ సిగ్నలు బాగుగా వచ్చు ననెను. వేలకొలఁది ప్రాణములను హరించిన జలప్రళయము, నాలుగడుగుల హెచ్చుతగ్గులైనను లేకుండ, సోడాబండికిని సైకిలుస్టాండునకును నడుమ సంభవించినట్లు ఇప్పుడు నిర్ధారణ మైనది.

అంతటితో ముగిసినను బాగుండెడిది. పిన్ను క్రింద ఒక పత్రమును, పత్రములో గడులును గలవు. ఈ స్థలము ఏ వర్గమునకు చెందినదని మొదటి గడి ప్రశ్నించినది. హోటలు, ఆసుపత్రి, పెట్రోలు బంకు, దేవాలయము, పర్యాటక ఆకర్షణ. ఇవి వర్గములు. ప్రళయమునకు వర్గము లేదు. మా వాఁడు ఒక్క క్షణము తటపటాయించి, "పర్యాటక ఆకర్షణ"ను నొక్కెను. రెండవ గడి, తెఱచియుండు వేళలు. ఉప్పెన తెఱచియుండు వేళలు! వాఁడు నా ముఖము చూచెను, నేను వాని ముఖము చూచితిని. "నువ్వు రాత్రన్నావు కదా" అని గొణిగి, ఎందుకైనను మంచిదని "24 గంటలును" అని నింపెను. సెలవుదినము లేవి యనఁగా లేవనెను. ఆ మాట మాత్రము నిజము.

మూఁడవ గడి ఛాయాచిత్రము. ఆనాఁటి కాళరాత్రిలో బొమ్మ తీయుటకు తీఱికగలవాఁడు బందరులో లేకపోయెను గావున, గత సంక్రాంతి సెలవులలో మంగినపూడి తీరమున వాళ్ళమ్మ తీసిన సూర్యోదయమును వాఁడు అతికించెను. అందులో మొక్కజొన్నపొత్తు కొఱుకుచు వాని చెల్లెలును గలదు. తదుపరి గడిలో "విశేషములు ఏఁబది పదములలో" అని యుండఁగా, తెల్లవాఱిన తరువాత బావులన్నియు ఉప్పనై, చచ్చినవారిని చూచి ఏడ్చుటకు బ్రతికినవారి గొంతున తడి లేకపోయెనని మా నాయనమ్మ చెప్పిన మాటను చెప్పితిని. పదములు ఎక్కువయినవని వాఁడు దానిని కొట్టివేసెను.

మఱునాఁటికి ఎవ్వరో పుణ్యాత్ములు ఆ ఉప్పెనకు ఐదింట నాలుగు నక్షత్రములు ప్రసాదించిరి. తగ్గిన ఆ యొక్క నక్షత్రమును గూర్చి నేను రెండు రాత్రులు నిద్ర మానుకొని యోచించితిని. నీరు చాలలేదా? బండి నిలుపుకొన చోటు దొరకలేదా? సిబ్బంది మర్యాదగా మాటాడలేదా?

తక్కిన యంత్రముల వింతలకు ఒక్కొక్క వాక్యము చాలును. పైనుండి డ్రోను తీసిన బొమ్మలో కోట తప్ప అంతయు కనఁబడును. సమాధిఱాతి ప్రక్కన అంటించిన నలుపుతెలుపు గడుల కాగితము తొలకరి వానకే ఊడినది; ఱాతిలోని వలందు అక్షరములు మూఁడువందల వానలను తట్టుకొన్నవి. వీధుల పేర్లను నోరు తిరుగని దొరసానివలె పలుకు యంత్రకంఠమును గూర్చి వ్రాయుట నా రక్తపుపోటునకు మంచిది కాదు.

పేర్లనఁగా జ్ఞాపకము వచ్చినది. వలందపాలెమును చేర్చుకొమ్మని వానితో నంటిని. "అక్కడ ఫోటోకేం లేదు తాతయ్యా" అనెను. నిజమే, ఏమియు లేదు. 1605లో హాలండువారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు గోలకొండ సుల్తానుల ఈ రేవున కొట్లు తెఱచి, మన అద్దకపు గుడ్డలకై ఒకరి జుట్టొకరు పట్టుకొనిరి. 1759లో ఇంగ్లీషువారి కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి చేతినుండి కోటను లాగికొనెను. ఓడలు పోయినవి, కొట్లు పోయినవి, సుల్తానులును పోయిరి. హాలండును వలందుగాను, ఫ్రెంచిని పరాసుగాను నలిపి తనదిగాఁ జేసికొన్న తెలుగువాని నాలుక మాత్రము ఆ కథనంతయు మూఁడు పేర్లలో మూటగట్టి దాఁచిపెట్టినది: వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము. ఊరి పేరైన "బందరు" సైతము పారసీకమున రేవనుటయే. దినమునకు నూఱుసారులు ఆటోవాఁడు కేకవేయు ఈ పేర్లు పటముమీఁద అచ్చయి యుండఁగా, వానిపై దాఁటిపోయి పిల్లలు చరిత్రకొఱకు వెదకుచున్నారు. మా వాఁడు కాపురముండునది పరాసుపేటలోనే. ఆ పేరు ఎట్లు వచ్చెనో వానినెవ్వరును అడుగలేదు. అడిగి తెలిసికొనినను దానికి మార్కులు లేవు.

ఇఁక నాకు హాస్యము చేతకాదు, కోపము వచ్చుచున్నది. పిల్లలమీఁద కాదు. చరిత్ర పీరియడును లెక్కలకు ధారపోసినదెవరు? పదవతరగతి గట్టెక్కఁగానే ఎంపీసీ, బైపీసీ తప్ప వేఱొక లోకము లేదని తల్లిదండ్రులకు నూఱిపోసినదెవరు? సాంఘికశాస్త్రపు పంతులునకు జీతము కోసి, మిగిలిన సొమ్ముతో గేటునకు రంగులు వేయించినదెవరు? ఏడాదిలో ఒక్కనాఁడు పిల్లలను వెంటఁబెట్టుకొని కోటకు నడచిపోవుటకు వీరికి తీఱిక లేదు, అద్దకపు పని జరుగు పెడనకు వెళ్ళి కరక్కాయరసమున నానిన గుడ్డమీఁద చెక్క అచ్చు పడునప్పటి చప్పుడు వినిపించుటకు ధైర్యము లేదు. ఎండ తగులునఁట, బాధ్యత ఎవరు వహింతురఁట. ఎండ తగులని చరిత్ర, బురద అంటని చరిత్ర, ఎవ్వరినిఁ గాని ఒక ప్రశ్నయు అడుగనక్కఱలేని చరిత్ర వీరికి కావలసి వచ్చినది. యంత్రము దానిని సమకూర్చిపెట్టినది. ఇది చదువు కాదు. వచ్చు సంవత్సరపు ప్రవేశములకై వేసికొను రంగుల కరపత్రము. దానికి మా ఊరి శవములను వాడుకొనుచున్నారు.

పటమునకు నేను పగవాఁడనని ఎవ్వరైనను అనుకొనిన, వారికొక సంగతి విన్నవింతును. రెండువందల యేండ్ల క్రిందట ఈ దేశమును కొలిచిన కాలిన్ మెకంజీ, తరువాత 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలైనవాఁడు, నేలను గొలుసుతో కొలిచి ఊరకొనలేదు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను మన తెలుగు సోదరులును, వారివంటి మఱికొందఱును ఆయన పనికై ఊరూరికిఁ బోయి, కరణములను, పూజారులను, ముసలివారిని కూర్చుండఁబెట్టి, ఈ చెఱువు ఎవరు త్రవ్వించిరి, ఈ గుడి ఎందులకు పాడుపడినది, ఈ పేరు ఎట్లు వచ్చినది అని అడిగి అడిగి వ్రాసికొనిరి. కైఫియత్తు లనఁబడు ఆ వ్రాఁతలే లేకున్నచో నేఁడు మన గ్రామములలో అనేకములకు చరిత్రయే లేకపోవును. వారికి ఉపగ్రహములు లేవు. అడుగుటకు నోరును, వినుటకు ఓపికయు నుండెను. కొలత, ప్రశ్న అను రెండు చేతులతో పుట్టిన విద్యకు నేఁడు ఒక చేతిని నఱికివేసి, మిగిలిన చేతికి ట్యాబు తొడిగి, ఇదియే పురోగతి యని మేళములు వాయించుచున్నారు.

నిన్న సాయంకాలము మా వాఁడు మరల వచ్చెను. బడిలో ఉప్పెన పిన్నుకు రెండింట ఒక్క మార్కే వేసిరఁట; ఛాయాచిత్రములో పాప ముఖము అడ్డుగా నున్నదనియు, స్థలమును ఇంకను స్పష్టముగాఁ జూపవలెననియు వ్రాసి పంపిరఁట. సరిదిద్ది పంపుటకు సోమవారము వఱకు గడువు.

"స్పష్టంగా అంటే ఎలా తాతయ్యా?"

ఆ పిన్నును పీకివేయుమంటిని. పీకివేసెను. రంగులు వేయు మీట ఉన్నదా యంటిని. ఉన్నదనెను. ఎఱ్ఱరంగు తీసికొని, సముద్రపు టొడ్డున మొదలుపెట్టి, కోటమీఁదుగా, వలందపాలెము మీఁదుగా, పరాసుపేటలోని వాని యింటిమీఁదుగా, బస్టాండును ముంచి, వాని బడిని ముంచి, తెరలో తెల్లని చోటు కనఁబడనంత వఱకు పూయుచునే పొమ్మంటిని. మార్కు తగ్గించినచో తగ్గించుకొందురు గాక.