హాజరు పుస్తకం ఆత్మకథ

ఈ పుస్తకంలో పేరుకు గడి ఉంది, తండ్రి పేరుకు ఉంది, కులానికీ వేలిముద్రకూ ఉన్నాయి. ‘నేను’ అనడానికే గడి లేదు. అందుకే సొంత కథ చెప్పుకుంటూ కూడా అది తనను ‘పుస్తకం’ అనే పిలుచుకుంటుంది.

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం దాని పుట్టిల్లు. ఉత్తరాదిలో 1871 నుంచి అమల్లో ఉన్న నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913లో ఎరుకల కుటుంబాల కోసం క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టింది. ఊరికి మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు.

ఎరుకలు ఒకప్పుడు గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా అమ్మేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రైలొచ్చింది, బేరం పడిపోయింది. తిరుగుళ్లు మాత్రం ఆగలేదు. నిలకడగా ఒకచోట లేనివాడంటే పోలీసుకు అనుమానం.

పుస్తకంలోకి ఎక్కాలంటే దొంగతనం చేయక్కర్లేదు. సర్కారు ప్రకటించిన జాతిలో పుడితే చాలు. ఆ ప్రకటన చెల్లదనే అధికారం ఏ కోర్టుకూ లేకుండా చట్టమే అడ్డుకట్ట వేసింది. వేలిముద్రల వర్గీకరణా ఈ దేశంలోదే: ప్రపంచంలో మొదటి బ్యూరో 1897లో కలకత్తాలో తెరిచారు. లెక్కలు కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్; పద్ధతికి మిగిలిన పేరు వాళ్ల పై అధికారి హెన్రీ దొరది.

పిలిచిన వేళకు పలకాలి. తెనాలిలో బండి మారి రేపల్లె వైపు కోతలకు పోవాలన్నా పాసు కావాలి. అది లేకుండా దొరికితే శిక్ష. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడిలో పెట్టే అధికారం కూడా చట్టం ఇచ్చింది. చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి ఇక్కణ్ణుంచి కూలీలు వెళ్లేవాళ్లు. సర్కారు లెక్కలో అది సంస్కరణ. కంపెనీకి మాత్రం చవగ్గా దొరికిన పనివాళ్లు.

తిరగబడ్డవాళ్లకు వేరే మందు ఉండేది. 1921-22లో పెదనందిపాడు రైతులు శిస్తు కట్టబోమంటే జప్తులు మొదలయ్యాయి. 1942 ఆగస్టు 12న తెనాలి రైల్వేస్టేషన్‌కు జనం నిప్పుపెడితే పోలీసులు కాల్చారు, ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో వాళ్ల పేరిట ఏడు స్తూపాలు లేచాయి.

పుస్తకం ఎప్పుడూ పేలలేదు. దానికి స్తూపమూ లేదు. ముప్పై ఏళ్లకు పైగా చప్పుడు లేకుండా పేర్లు పిలిచింది.

మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా అది పోయింది 1952 ఆగస్టు 31న. ఈలోగా 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం పేరుతో మద్రాసులో ఇంకో రిజిస్టరు తెరుచుకుంది. కులాన్ని వదిలి, శిక్షపడ్డ మనిషిని పట్టుకునేదది. ఊరి మీద పడ్డ ముద్రను మాత్రం ఏ చట్టమూ కొట్టేయలేదు. 1991లో చిరంజీవి సినిమా ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది; 2023లో రవితేజ ‘టైగర్ నాగేశ్వరరావు’లో మళ్లీ ఆ ఊరే, మళ్లీ దొంగే.