నా కాలేయం వేరు, మీ కాలేయం వేరు

నేను ఎలుకని. హైదరాబాద్ అడిక్‌మెట్ బస్తీల్లో బియ్యం డబ్బాల చుట్టూ తిరిగే రకం మాత్రం కాదు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, ఇంటిపేరు లాంటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు: డబ్ల్యూఎన్ఐఎన్. అందులో మొదటిది విస్టార్, అంటే మా జాతి పేరు. 1906లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. మిగతా మూడూ మా ఇంటివి. అడిక్‌మెట్ దిక్కు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి వచ్చి, ఆర్ట్స్ కాలేజీ దాటి తార్నాక వైపు నడిస్తే వచ్చే జాతీయ పోషకాహార సంస్థే మా ఇల్లు. ఊరంతా దాన్ని ఎన్ఐఎన్ అంటుంది. ఇంత ఊళ్లో ఉన్నా నేను రైలు చూడలేదు. ఇరవై రెండు డిగ్రీల చల్లదనం, పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి, వరిపొట్టు పరుపు, గోలీల్లాంటి తిండి. నా లోకం అంతే.

మా వంశానికి చరిత్ర ఉంది. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు కూనూరులో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ తర్వాత మా పూర్వీకుల్ని గుంపులుగా విడదీసి సిక్కుల తిండి, పఠాన్ల తిండి, బెంగాలీ తిండి, మద్రాసు తిండి ఇలా ఒక్కో గుంపుకి ఒక్కో ప్రాంతం భోజనం పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు తిన్న సిక్కు ఎలుకలు అందరికంటే ఏపుగా పెరిగాయి. పాలిష్ పట్టిన బియ్యం తిన్న మద్రాసు ఎలుకలు అందరికంటే చిక్కిపోయాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో కోస్తా, రాయలసీమ కూడా ఉన్నాయి కాబట్టి ఆ చివరి వరస మీ తాతల కంచం గురించి కూడా చెప్పినట్టే. 1958లో సంస్థతో పాటు మా వాళ్లూ హైదరాబాద్ చేరారు. ఎన్ఐఎన్ అనే పేరు 1969లో వచ్చింది.

తిండి కథ అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది మందు కథ.

మీరు మింగిన మాత్ర పేగుల్లోంచి రక్తంలోకి పోగానే ఒళ్లంతా తిరగదు. ముందు కాలేయానికి చేరుతుంది. చాలా మందులు కొవ్వులో కరిగే రకం. జిడ్డు గిన్నె ఒట్టి నీళ్లకి వదలనట్టు అవి మూత్రంలో తేలిగ్గా బయటికి పోవు. అందుకని సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల కుటుంబం వాటికి ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది. తర్వాత ఇంకో జట్టు ఎంజైములు గ్లూకురోనిక్ ఆమ్లమో, గ్లూటాథయోనో అంటించి నీళ్లలో కరిగేట్టు చేసి సాగనంపుతాయి. మనిషిలో ఈ పి450 జన్యువులు 57 ఉన్నాయి. మందు ఎంతసేపు పనిచేస్తుంది, ఎప్పుడు చాలదు, ఎప్పుడు విషమవుతుంది అనేది చాలావరకు వీటి చేతుల్లోనే ఉంది.

ఈ సంగతి తెలుసుకోవడానికి నా కాలేయం తీస్తారు. మంచులో పెట్టి మెత్తగా చేసి, ముందు గురుత్వాకర్షణకి తొమ్మిది వేల రెట్ల బలంతో, తర్వాత లక్ష రెట్ల బలంతో గుండ్రంగా తిప్పుతారు. అడుగున మిగిలే గులాబీ రంగు ముద్దలో ఆ ఎంజైములు ఉంటాయి. అప్పటికి నేనుండను గానీ, నా ఎంజైములు కాసేపు పనిచేస్తూనే ఉంటాయి.

తార్నాకలో ఈ పని మొదలైన తీరు నాకు నచ్చుతుంది. ప్రపంచంలో మందుల మోతాదులు ఎక్కువగా కడుపునిండా తినే దేశాల వాళ్ల మీద లెక్కగట్టినవి. మరి తిండిలేని మనిషికి అదే మోతాదు సరిపోతుందా? తర్వాతి కాలంలో ఎన్ఐఎన్ డైరెక్టర్ అయిన కమలా కృష్ణస్వామి, ఆమె సహచరులు 1970లలో ఈ ప్రశ్నే వేసుకున్నారు. పోషకాహార లోపమున్న వాళ్లకి యాంటీపైరిన్ అనే మందు ఇచ్చి, అది రక్తంలో సగానికి తగ్గడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. 1977లో ఆ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. తిండి తగ్గితే మందు నడక కూడా మారుతుందన్నది ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో మాట. తీవ్రమైన లోపంతో ఒళ్లు వాచిన పిల్లల్లో కొన్ని మందులు సరిగా బయటికి పోక శరీరంలోనే ఉండిపోతాయి. నా అభిప్రాయంలో హైదరాబాద్ వైద్యశాస్త్రానికి ఇచ్చిన గట్టి ప్రశ్నల్లో ఇదొకటి. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఆ తర్వాత పసుపు వచ్చింది. కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి బృందం ముందు మా తిండిలోనే పసుపు కలిపింది. తర్వాత మనుషుల దగ్గరికి వెళ్లింది. బాగా పొగతాగే 16 మందికి రోజుకి ఒకటిన్నర గ్రాముల పసుపు, అంటే సుమారు అర టీస్పూను, 30 రోజులు ఇచ్చారు. వాళ్ల మూత్రంలో జన్యువుల్ని చెడగొట్టే పదార్థాలు బాగా తగ్గాయి. 1992లో అచ్చయిన అధ్యయనం ఇది. పొగలోని బెంజోపైరిన్ లాంటి పదార్థం తనంతట తాను అంత ప్రమాదకారి కాదు, కాలేయం దాన్ని మార్చబోయి విషం చేస్తుంది. పని కాలేయానిదే, నష్టమూ దాని చేతి మీదుగానే. ఇలాంటివి పట్టుకునే పరీక్షలో సాల్మొనెల్లా బాక్టీరియా వాడతారు. బాక్టీరియాకి కాలేయం ఉండదు కాబట్టి నా కాలేయపు రసం అందులో పోస్తారు. మనిషి మూత్రం, బాక్టీరియా, ఎలుక కాలేయం ముగ్గురం కలిస్తేనే ఒక ఫలితం.

ఈ వార్త మీ వాట్సాప్‌లో ఎలా తిరుగుతుందో నాకు తెలుసు: “పసుపు తింటే క్యాన్సర్ రాదు, తార్నాకలో తేలింది.” తేలింది అది కాదు. 16 మంది మూత్రంలో కొన్ని పదార్థాలు తగ్గాయి, అంతే. సిగరెట్ మానమని ఆ పసుపు చెప్పలేదు గానీ నేను చెబుతున్నాను.

ఇప్పుడు మిరియం సంగతి. పసుపులోని కర్క్యుమిన్‌ని కాలేయమూ పేగులూ క్షణాల్లో మార్చేసి బయటికి తోసేస్తాయి. మిరియంలోని పిపెరిన్ ఆ తోసే చేతుల్ని పట్టి ఆపుతుంది. 1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పిపెరిన్ ఇస్తే మనుషుల రక్తంలో కర్క్యుమిన్ 2000 శాతం పెరిగింది. అదే ప్రయోగంలో మా ఎలుకల్లో పెరిగింది 154 శాతం. మాకిచ్చిన పిపెరిన్ శరీర బరువుకి చూసుకుంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎక్కువ తిన్నది మేం, ఎక్కువ మార్పు మీలో. నా మాట మీద మీ మోతాదు నిర్ణయించకూడదని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

పిపెరిన్ ఒక్క కర్క్యుమిన్‌నే ఆపదు. అదే దారిలో పోయే మందుల్నీ ఆపుతుంది. దీన్నే మంచికి వాడుకుని జమ్మూలోని సీఎస్ఐఆర్ ప్రయోగశాల, ఒక మందుల కంపెనీ కలిసి క్షయకి రిసోరిన్ అనే మాత్ర తెచ్చాయి. అందులో పది మిల్లీగ్రాముల పిపెరిన్ ఉంటుంది కాబట్టి రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములకి బదులు 200 సరిపోతుంది. ఎంత కలపాలో తెలిసినవాళ్లు కలిపితే అది వైద్యం. ఎంతో తెలియకుండా ఇంట్లో కలిపితే జూదం.

రిఫాంపిసిన్ పేరు వచ్చింది కాబట్టి ఇదీ వినండి. ఆ మందు మీ కాలేయంలో ఎంజైముల్ని ఎగదోస్తుంది, దాంతో గర్భనిరోధక మాత్ర కూడా పనిచేయకపోవచ్చు. నా కాలేయం దానికి పెద్దగా చలించదు. మీ మందుల్లో పెద్ద వాటాని చూసుకునే 3ఎ4 అనే పి450 ఎంజైమ్ నాలో లేదు, దాని దాయాదులున్నాయి. నాకు పిత్తాశయం లేదు. వాంతి చేసుకోవడం రాదు. విటమిన్ సి నేనే తయారుచేసుకుంటాను. దాల్చినచెక్కలోని కౌమరిన్‌ని మీలో చాలామంది హాని లేని దారిలో సాగనంపుతారు, నేను దాన్ని విషపు దారి పట్టిస్తాను. ఇన్ని తేడాలున్నా “ఎలుకల మీద నిరూపితం” అని డబ్బా మీద అచ్చేస్తారు. సాక్షిని నేనే కాబట్టి చెబుతున్నాను, ఆ వాక్యంలో సగం నిజమే ఉంది.

రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ గురించి నాకు సొంత కక్ష ఉంది. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం కారి చచ్చిపోతుంటే, అమెరికాలో విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు ఆ గడ్డిలోని పదార్థం పట్టుకున్నారు. దాని ఆధారంగా చేసిన వార్ఫరిన్‌ని 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954లో అదే మనుషులకి మందుగా అనుమతి పొందింది. 1955లో గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కీ ఇచ్చారు. మా వాళ్లని చంపడానికి కనిపెట్టింది మీ గుండెల్ని కాస్తోంది, పోనీలెండి. గడ్డిలోంచి వచ్చింది కాబట్టి మెత్తగా ఉంటుందనుకోకండి. ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. దాన్ని వాడే మనిషి ఒక వారం ఆకుకూర బాగా తిని, ఇంకో వారం మానేస్తే విటమిన్ కె హెచ్చుతగ్గులతో లెక్క తప్పుతుంది.

ఆ మధ్య మా యానిమల్ హౌస్‌లో ఒక సంభాషణ విన్నాను. బోనులు కడిగే పెద్దాయన చెయ్యి వణుకుతుంటే పీహెచ్‌డీ చేసే అమ్మాయి చూసింది.

“అన్నా, షుగర్ గోలీతోని ఇంకేమన్న తీసుకుంటున్నరా?”

“ఏం లేదు మేడం. పొద్దుగాల కాకరకాయ రసం, రాత్రి మెంతుల పొడి. మా చెల్లె చెప్పింది.”

“డాక్టర్‌కు చెప్పిన్రా?”

“గదేమన్న మందా మేడం చెప్పనీకి? వంటింట్ల సామాను.”

ఆయన తప్పు లేదు, లోకం మాటే ఆయన అన్నాడు. కానీ అదే వంటింటి మెంతుల్ని ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు నూనె తీసిన పొడిగా రోజుకి వంద గ్రాములు మధుమేహ రోగులకి ఇచ్చి చూశారు. 1990లో ప్రచురించిన ఆ పరిశోధనలో మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. చక్కెర తగ్గించేది మందే. గోలీ ఒకవైపు, మెంతులు ఒకవైపు, కాకర ఇంకోవైపు లాగితే చేతులు వణకవా? ఆ అమ్మాయి ఆయన్ని అప్పటికప్పుడు రక్తపరీక్షకి పంపింది.

కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా కాగింది. 2021లో ముంబై వైద్యులు ఆరుగురు రోగుల్లో కాలేయం దెబ్బతినడానికి, తిప్పతీగకీ సంబంధం ఉండవచ్చని రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, వాళ్లు తాగిన మొక్క అసలైనదేనా, దాన్ని పోలిన ఇంకో తీగా అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయితే అది తాగేవాళ్లూ వేసుకోవాల్సిన ప్రశ్న. బజారులో కట్టగా దొరికే తీగ ఏ తీగో పరీక్షించకుండా గ్లాసులు నింపితే కాలేయం దేనికని జవాబు చెప్పాలి? తీగలే కాదు, పండ్ల రసమూ మందు లెక్క మార్చగలదు. కెనడాలో మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపి ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద ప్రయోగం చేస్తే, రసమే రక్తంలో మందు మోతాదు పెంచేసిందని 1989లో బయటపడింది. ఆ గ్రేప్‌ఫ్రూట్‌కి తల్లిదండ్రుల్లో ఒకటి మీ పంపరపనస.

నా ఉద్యోగం తగ్గుతోంది. 2022 చివర్లో అమెరికా, 2023లో భారత్ మందుల నియమాలు మార్చి, జంతువులకి బదులు మనిషి కణాలతో చేసిన పరీక్షల్నీ ఒప్పుకున్నాయి. మా రోడ్డు మీదే కాస్త ముందుకి, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మనిషి కణాలతో చిన్న అవయవాలు పెంచే పని సాగుతోంది. మనిషి మందుని మనిషి కాలేయపు కణాల మీదే చూడటం న్యాయం, నాకు బాధ లేదు.

అయితే ఏ ప్రయోగశాలా మీ వంటింట్లోకి రాదు. డాక్టర్ “ఏం మందులు వాడుతున్నారు?” అంటే మాత్రల పేర్లే చెప్పి ఊరుకోకండి. కషాయం, లేహ్యం, కాకర రసం, పొడి, ఏ మొక్కది, రోజుకి ఎంత, ఎన్నాళ్లుగా అన్నీ చెప్పండి. ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి. ఏ మందుతోనైనా, మూలికతోనైనా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా అది ఆపి ఆస్పత్రికి వెళ్లండి. మందుల దుష్ఫలితాలు తెలపడానికి కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024.