మావయ్య బెల్టు, అవ్వ బట్టీ, నా ఎంటెక్

బస్తర్‌లోని కిరందుల్‌లో పెరిగినవాడు ఎనర్జీ ఇంజనీరింగులో చేరకూడదు. మేష్టారు చెప్పే ప్రతి ఉదాహరణకీ ఇంటి దగ్గర అంతకన్నా పెద్దది ఒకటి గుర్తొస్తుంది. చెయ్యెత్తాలనిపిస్తుంది. ఎత్తితే ఇంటర్నల్ మార్కులు తగ్గుతాయి.

మొదటి వారం స్థితిశక్తి. మేష్టారు డస్టరు ఎత్తి పట్టుకుని వదిలేశారు. కిందపడింది. "చూశారా, శక్తి!" అన్నారు. మా ఊళ్ళో 1968 నుంచీ కొండకి కొండే కిందికి దిగుతోంది, ఎవరూ ఆశ్చర్యపోలేదు. బైలడీలా మీద తవ్విన ఇనుప ఖనిజం కన్వేయర్ బెల్టెక్కి కిందికి వస్తుంది. నిండు బెల్టు అంత వాలులో దిగుతుంటే దాన్ని మోటారు లాగక్కర్లేదు. ఖనిజమే బెల్టును లాక్కుపోతుంది, బెల్టు మోటారును తిప్పుతుంది, ఆ మోటారు కాస్తా జనరేటరైపోయి కరెంటు పుట్టిస్తుంది. మా మావయ్య రిటైరయ్యేదాకా ఆ బెల్టు దగ్గరే పనిచేశాడు. "దిగేదాన్ని తొయ్యకూడదు రా అల్లుడూ, పట్టుకోవాలి. పట్టుకున్నందుకు అదే మనకి కూలిస్తుంది" అనేవాడు. రీజెనరేటివ్ బ్రేకింగ్ మీద తర్వాత నేను కొన్న లావుపాటి పుస్తకంలో ఇంతకన్నా ఎక్కువేం లేదు. బొమ్మలు మాత్రం బాగున్నాయి.

ఇదంతా క్లాసులో లేచి చెప్పాను. "అది నాలుగో యూనిట్‌లో వస్తుంది, కూర్చో" అన్నారు.

చదువుకి విశాఖే ఎందుకు వెళ్ళానంటే, బస్తర్‌లో బయల్దేరిన ఏ సరుకైనా చివరికి చేరేది అక్కడికే. ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికని అరవైల్లో వేసిన కొత్తవలస-కిరందుల్ లైను, అదే మా కేకే లైను, ఇప్పటికీ ఖనిజం మోస్తూనే ఉంది. మెత్తటి పొడి నీళ్ళలో కలిసి 267 కిలోమీటర్ల గొట్టంలో పోతుంది. నేను పులిహోర డబ్బాతో పాసింజర్‌లో పోయాను. ఖనిజానికి ధర ముందే ఖాయమై ఉంటుంది. నాది ప్లేస్‌మెంట్లదాకా తేలలేదు.

"బస్తర్ ఎత్తులో ఉంది, విశాఖ సముద్రం పక్కన ఉంది, బండి దొర్లుకుంటూ వచ్చెయ్యదూ?" అనేవాడు మా గదిలోని గుంటూరు కుర్రాడు. రాదు. జగ్‌దల్‌పూర్ దాటిన బండి కొరాపుట్ కొండలెక్కాలి, అరకు దాటాలి, సిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తు చూడాలి, అప్పుడు గానీ బొర్రా మీదుగా దిగుడు మొదలవదు. ఇప్పటి త్రీ ఫేజు ఇంజన్లు ఆ దిగుడులో బ్రేకు వేస్తే కరెంటు తిరిగి పైనున్న తీగలోకి వెళ్తుంది. ఎక్కడానికి తిన్నదాంట్లో ఎంత తిరిగి కక్కుతుందో లెక్కకట్టమని అసైన్‌మెంట్ ఇచ్చారు. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తూ బండిలోనే మొదలుపెట్టాను. లైను మొత్తమ్మీద 58 సొరంగాలు. బరువు రాసేసరికి సొరంగం, వాలు రాసేసరికి సొరంగం. ఆ కాగితాల మీద చేతిరాత అలా ఎందుకుందో మేష్టారికి చివరిదాకా బోధపడలేదు.

తర్వాత జలవిద్యుత్తు మీద సెమినార్. అభిమానం చంపుకోలేక ఇంద్రావతిని ఎంచుకున్నాను. చిత్రకోట్ దగ్గర నది దూకే ఎత్తు దాదాపు 29 మీటర్లు. సెకనుకి ఒక్క ఘనమీటరు నీరు దూకినా 280 కిలోవాట్ల పైచిలుకు. టర్బైను నష్టాలు పోను ఓ నూట అరవై ఏసీలు నడుస్తాయి. వానాకాలంలో ఈ లెక్క రాస్తుంటే మనిషికి మంత్రి అయినంత ఊపొస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళలో చాలా భాగం ఒడిశాలోనే జోరానాలాలోకి మళ్ళిపోతుంది. మనకి మిగిలేది సెల్ఫీలు దిగేవాళ్ళు. దిగువన బార్సూర్ దగ్గర బోధ్‌ఘాట్ ప్రాజెక్టు ఉంది. అంటే, ఉండాలి. 1979లో ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు, 500 మెగావాట్లు అనుకున్నారు. అడవి మునుగుతుంది, ఊళ్ళు మునుగుతాయి అన్న అభ్యంతరాలతో ఆగింది. ఆగి మళ్ళీ పేపర్లలోకి వచ్చింది, వస్తూనే ఉంది. నా పట్టికలో "ప్రస్తుత దశ" అన్న గడిలో "స్థితిశక్తి" అని రాశాను. మేష్టారు మొదటిసారి నవ్వారు. ముంపు ఊళ్ళవాళ్ళకి అది కాగితం మీద ఉండటమే మేలు. ఆ ముక్క రాయడానికి మాత్రం పట్టికలో గడి లేదు.

ఇక ప్రాజెక్టు. స్థానిక ఉష్ణ వ్యవస్థ ఏదైనా తీసుకోమన్నారు గైడు. కుంట వైపు మా స్నేహితుడి ఊరుంది. అక్కడి దోర్ల గిరిజనులకి తెలుగు బాగానే వచ్చు. ఆ స్నేహితుడి అవ్వ ఇప్పసారా కాస్తుంది. అంతకన్నా స్థానికమైన ఉష్ణ వ్యవస్థ ఏముంటుంది? థర్మామీటరు, త్రాసు, స్టాప్‌వాచీ పట్టుకుని వెళ్ళాను. అవ్వ నన్ను ఎక్సైజువాడనుకుంది. చదువుకోడానికి వచ్చానంటే ఇంకా అనుమానపడింది.

పొయ్యి మీద కుండలో పులిసిన ఇప్పపువ్వు ఊట. దానిమీద ఇంకో కుండ, అన్నిటికన్నా పైన చన్నీళ్ళ గిన్నె. ఆవిరి పైకి లేచి, గిన్నె అడుగున చల్లబడి, లోపలి పాత్రలోకి కారుతుంది. గిన్నెలో నీళ్ళు వేడెక్కినప్పుడల్లా అవ్వ తోడిపారేసి చన్నీళ్ళు పోస్తుంది, పక్కన ఒక గింజ వేస్తుంది. ఆవిడ గంటలు లెక్కపెట్టదు, నీళ్ళు లెక్కపెడుతుంది. మార్చిన ప్రతి గిన్నెడూ ఇంత అని వేడిని మోసుకుపోతుంది, అంత వేడి పోతే ఇంత సారా దిగుతుంది. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి మొదటి నీళ్ళప్పుడు దిగేది ఘాటు, పోనుపోను పలచన. మా ల్యాబులో ఇదే పని చేసే కెలోరీమీటరుంది. తాళం వేసి ఉంటుంది.

కట్టెల పొయ్యి కదా, దక్షత పదిశాతం చుట్టూ తేలింది. మిగతా వేడంతా వృథా అవుతోందనీ, చుట్టూ మట్టిగోడ కడితే మిగులుతుందనీ చెప్పాను.

"గోడ కడితే నేనెక్కడ కాచుకోను?" అంది.

పుష్యమాసం. తిరిగి చూస్తే పొయ్యి చుట్టూ ఇద్దరు మనవలు, ఒక ముసలికుక్క, ఆరేసిన తడి గుడ్డలు, బూడిదలో చిలగడదుంపలు. నేను వృథా అని కొట్టేసిన తొంభై శాతంలోనే ఆ సంసారం నడుస్తోంది. కోజెనరేషన్ అని పేరు పెట్టి ఒక్కొక్కటే లెక్కలో చేర్చుకుంటూ పోయాను. దక్షత ఎగబాకడం చూసి గైడు కంగారుపడ్డారు. "కుక్కని తీసెయ్. ఇంకో రెండు ప్రయోజనాలు కలిపావంటే నూరు దాటుతుంది, థర్మోడైనమిక్స్ మొదటి సూత్రం పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది" అన్నారు.

వైవాలో బయటి ఎగ్జామినర్ అడిగారు: "ఊట మరిగే ఉష్ణోగ్రత దేంతో చూసేవారు?"

"అవ్వ అరచేత్తో సార్. థర్మామీటరు ఆవిడ మాటకి సరిపోయింది."

పాసయ్యాక చెప్పిరావడానికి వెళ్ళాను. అవ్వ సంతోషించింది. "అయితే బట్టీ ఎక్కడ పెడుతున్నావు?" అంది. ఇన్నాళ్ళూ నేర్చుకున్నది అందుకే అనుకుందట. థియరీ వరకేనని చెప్తే, అయితే కట్టెలైనా తెమ్మంది, సగం పచ్చివి ఉండాలని మరీ చెప్పింది. పచ్చికట్టెలో తేమ ఎక్కువ, కెలోరిఫిక్ విలువ తగ్గుతుంది అని మొదలుపెట్టాను.

"తగ్గాలనే. అన్నీ ఎండినవి పెడితే మంట తొందరపడుతుంది, ఊట మాడుతుంది."

అప్పటికి థీసిస్ బైండింగైపోయింది.